మెక్‌లియోడ్‌గంజ్ వెళ్లి టిబెటన్లకు రాతపనిలో సాయపడాలనుంది, తెలిసినవాళ్లు చెప్పండి

కాగితంపడవ
13 జనవరి 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇంట్లో భోగి హడావుడి ఇప్పటికి తగ్గింది, అందుకే ఈ రాత్రివేళ.

మాది గుంటూరు, నాకు 30 ఏళ్లు. ఎనిమిదేళ్లు ఒక దినపత్రిక డెస్కులో సబ్‌ఎడిటర్‌గా చేసి పోయిన నెల మానేశాను. ఇంకో ఉద్యోగంలో చేరేలోపు రెండు మూడు నెలలు హిమాచల్‌లోని ధర్మశాల వైపు వెళ్లి, అక్కడి టిబెటన్లకు జీతం లేకుండా రాతపని ఏదైనా చేసిపెట్టాలని ఉంది.

ఎందుకు టిబెటన్లే అంటారేమో. మా అమ్మమ్మగారి ఊరు అమరావతి. 2006 జనవరిలో అక్కడ దలైలామా గారి కాలచక్ర దీక్షలు జరిగినప్పుడు నేను ఆరో తరగతి. ఊరంతా ఇళ్లు అద్దెకిచ్చారు, మా అమ్మమ్మ కూడా వరండా, ముందుగది ఇచ్చింది. దిగినవాళ్లలో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడకు టిబెటన్ తప్ప రాదు, అమ్మమ్మకు తెలుగు తప్ప రాదు. ఇద్దరూ పది రోజులపాటు సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఏం చెప్పుకున్నారో వాళ్లకే తెలియాలి. వెళ్లేటప్పుడు ఆవిడ అమ్మమ్మ మెడలో వేసిన తెల్ల కండువా మా దేవుడి గూట్లో ఏళ్ల తరబడి ఉంది. అమ్మమ్మ పోయాక అది ఎటు పోయిందో!

నా అనుమానాలు: ముందుగా ఎవరిని అడగాలి? నా ఇంగ్లిష్ తప్పుల్లేకుండా ఉంటుంది కానీ గొప్పగా ఏమీ ఉండదు, సరిపోతుందా? టిబెటన్ ఒక్క ముక్క రాదు. తెలుగులో రాసేదానికి అక్కడ ఏం పని ఉంటుంది?

కొండదారి
13 జనవరి 2025, రాత్రి 11:40

నేను 2018లో ఐదు నెలలు ఉన్నాను. తెలిసినంత చెప్తాను.

ధర్మశాల అంటే ఒక్క ఊరు కాదు. కింద కోత్వాలీ బజార్, అది మామూలు హిమాచల్ పట్నం. మధ్యలో కొండవాలు మీద గాంగ్‌చెన్ కీషోంగ్, అందరూ గాంగ్‌కీ అంటారు. టిబెటన్ల ప్రవాస పరిపాలన ఆఫీసులూ, 1970లో పెట్టిన టిబెటన్ గ్రంథాలయమూ అక్కడే. పైన మెక్‌లియోడ్‌గంజ్. దలైలామా గారి గుడి, కఫేలు, మోమోల బండ్లు, మన బెంగళూరు బ్యాచ్‌లు అన్నీ పైనే. 1959లో లాసా నుంచి వచ్చేసి, ఏడాది ముస్సోరీలో ఉండి, 1960లో ఆయన ఇక్కడికి మారారు. స్వచ్ఛంద సంస్థలు ఎక్కువగా పైనే ఉన్నాయి.

రాతపని చేయాలని వెళ్లిన నాకు దొరికిన పనులు చెప్తాను, నిరాశపడకండి. ఒక సంస్థ వార్షిక నివేదికలో వ్యాకరణం దిద్దడం. నిధుల దరఖాస్తు 14 పేజీలుంటే దాన్ని 6 పేజీలు చేయడం. కెనడా వెళ్లే నర్సుకు బయోడేటా. కఫే మెనూలో స్పెల్లింగులు. సాయంత్రం గంటసేపు ఇంగ్లిష్ సంభాషణ తరగతి, అంటే ఇద్దరు ముగ్గురు సన్యాసులతో కింద కూర్చుని 'నీ చిన్నతనం గురించి చెప్పు' అని మాట్లాడించడం. ల్హా అనే సంస్థ 'కాంటాక్ట్' అని ఉచిత పత్రిక వేసేది, నేనున్నప్పుడు దానికి రాసేదీ దిద్దేదీ చాలావరకు వాలంటీర్లే. నా పేరుతో ఐదు నెలల్లో అచ్చయింది రెండు చిన్న వ్యాసాలు. మిగతా అంతా పేరు లేని పనే.

మీ డెస్కు అనుభవం అక్కడ బంగారం. రాసేవాళ్లు చాలామంది వస్తారు, దిద్దేవాళ్లు రారు.

ఇంకొకటి, రెండు వారాలకు వస్తామంటే ఎవరూ పని అప్పజెప్పరు. పని నేర్పేసరికే మీ బస్సు టైమవుతుంది. కనీసం రెండు నెలలు ఉంటానని ముందే మెయిల్‌లో చెప్పండి.

మిర్చిబజ్జీ
14 జనవరి 2025, ఉదయం 7:55

పండగపూట గిల్లుతున్నానని అనుకోకండి. పోలవరం నిర్వాసితుల గురించి ఎంతమంది రాశారు? మంగళగిరిలో మగ్గం నేసేవాడి కథ రాసే దిక్కులేదు. మీది గుంటూరు, మంగళగిరి అరగంట దూరం. హిమాలయాలు, ఎర్ర శాలువాలు, పొగమంచు ఉంటేగానీ మనవాళ్లకు సేవాభావం పుట్టదు. అక్కడ ఫొటో బాగా వస్తుంది, అంతే.

కాగితంపడవ
14 జనవరి 2025, ఉదయం 10:20

@మిర్చిబజ్జీ ఫొటో మాట కొంచెం తగిలింది. పోలవరం ముంపు ఊళ్ల మీద మా డెస్కుకు వచ్చిన కథనాలను 200 పదాలకు కత్తిరించిన చేతులు ఇవే. ఉద్యోగం మానడానికి అదీ ఒక కారణం. మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ వెళ్లడం మానుకోను.

పాతసంచి
14 జనవరి 2025, సాయంత్రం 4:30

అమ్మాయ్, నేను హన్మకొండలో ఇంగ్లిష్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. 2012లో ఒకసారి, 2015లో ఒకసారి వెళ్లి మొత్తం ఏడు నెలలు ఉన్నాను. మిర్చి బాబు అన్నదాంట్లో తప్పేమీ లేదు. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది తమ పుస్తకం కోసమే వస్తారు. నేనూ మొదట అలాగే వెళ్లాను.

మాజీ రాజకీయ ఖైదీలు పెట్టుకున్న సంఘం ఒకటుంది, గు-చు-సుమ్. అంటే తొమ్మిది, పది, మూడు. 1987 సెప్టెంబర్, అక్టోబర్, 1988 మార్చి నెలల్లో లాసాలో జరిగిన నిరసనల గుర్తుగా పెట్టుకున్న పేరు. అలా జైలుకు వెళ్లొచ్చిన ఒకాయన తన కథ ఇంగ్లిష్‌లో రాసిపెట్టమన్నాడు. ఆయనది టిబెట్‌లో ఆమ్డో ప్రాంతం. ఆ మాట లాసా మాట్లాడే మా దుబాసీ కుర్రాడికే సగం అర్థం కాదు. అందుకని ఆమ్డో తెలిసిన సన్యాసి ఒకాయన మధ్యలో కూర్చునేవాడు. ఈయన చెప్పింది ఆయన లాసా మాటలోకి, కుర్రాడు ఇంగ్లిష్‌లోకి, నేను నోట్‌బుక్‌లోకి. పది నిమిషాలు చెప్పింది నా దగ్గరికి వచ్చేసరికి రెండు వాక్యాలు అయ్యేది.

ఆ రెండింటినే పట్టుకుని నేను సాహిత్యం పండించాను. చీకటి కొట్టు, అందులో ఆరిపోని ఆశాదీపం, ఇంకా ఏవేవో. ఒకరోజు అదంతా కుర్రాడు తిరిగి ఆయనకు చదివి వినిపించాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, 'కొట్లో చీకటి ఎక్కడిది? బల్బు ఉండేది. రాత్రంతా ఆర్పేవాళ్లు కాదు. నిద్ర పట్టేది కాదు' అన్నాడు.

ఆ రోజు 40 పేజీలు చింపేశాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. వాళ్ల ఊరి పేరు, వాళ్ల నాన్న చేసే పని, చెల్లెలు ఏ మఠంలో ఉందో అన్నీ రాశాను. పాఠకుడికి కళ్లకు కట్టాలని. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కొక్కటే కొట్టేశాడు. ఆయన ఇక్కడ క్షేమమే, కానీ అక్కడ వాళ్లవాళ్లున్నారు. ఇంగ్లిష్‌లో అచ్చయింది అక్కడి పోలీసులకు చేరదనుకోవడం మన అమాయకత్వం. ఆయన పేరు మార్చడం ఒక్కటే సరిపోదు. ఊరు, సంవత్సరం, మఠం మూడూ కలిపితే మనిషిని పట్టేయవచ్చు. ఫొటోలో వెనక గోడ మీద వేలాడే ఇంకొకరి ఫొటో కూడా చూసుకోవాలి.

కాగితంపడవ
14 జనవరి 2025, రాత్రి 8:05

అమ్మా, ఇది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. ఒక్క సందేహం. డెస్కులో మాకు మొదట నేర్పేదే ఎవరు, ఎక్కడ, ఎప్పుడు. అవన్నీ తీసేశాక కథలో ఏం మిగులుతుంది?

పాతసంచి
14 జనవరి 2025, రాత్రి 8:50

బల్బు మిగులుతుంది.

జైలు గురించి అడిగితే ఆయన ఎక్కువగా పశువుల గురించి చెప్పేవాడు. మనం యాక్ పాలు, యాక్ వెన్న అంటామా, అది వింటే వాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. యాక్ అంటే మగది. ఆడదాన్ని ద్రీ అంటారు. 'ఎద్దు పాలు' అన్నట్టన్నమాట. పన్నెండేళ్లప్పుడు మంచులో తప్పిపోయిన ఒక ద్రీ కోసం రెండు రోజులు తిరిగిన సంగతి మూడు పూటలు చెప్పాడు. అందులో ఏ ఊరూ లేదు, ఎవరికీ ప్రమాదం లేదు. పుస్తకంలో బాగా కుదిరిందల్లా ఆ భాగమే.

ఇంకో మాట గుర్తుపెట్టుకో. నిన్ను గెన్-లా అంటారు, టీచరు గారూ అని. ఆ 'లా' అచ్చం మన 'గారు'. పా-లా, ఆమా-లా, ఆచా-లా అంటే నాన్నగారు, అమ్మగారు, అక్కగారు. ఆ గౌరవం వల్ల నువ్వేం అడిగినా కాదనరు. రాయనా అంటే రాయమంటారు, ఫొటో తీయనా అంటే తీయమంటారు. అది ఒప్పుకోవడం కాదు, మొహమాటం. వారం తర్వాత మళ్లీ అడుగు. రాసింది చదివి వినిపించి ఇంకోసారి అడుగు.

డల్లాస్‌బాబాయ్
15 జనవరి 2025, ఉదయం 6:15

నాది అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉంది. వేసవిలో మా అమ్మాయితో కర్ణాటకలోని టిబెటన్ సెటిల్‌మెంట్ బైలకుప్పె వెళ్లి నెల రోజులు పిల్లలకు ఏదైనా రాయడం నేర్పుదామని ఆలోచన. పర్మిట్ ఏదో కావాలంటున్నారు, నిజమా?

కొండదారి
15 జనవరి 2025, ఉదయం 9:30

నిజం బాబాయ్. బైలకుప్పె, ముండగోడ్ లాంటి సెటిల్‌మెంట్లలో విదేశీయులు బస చేయాలంటే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ ఉండాలి. ఓసీఐ ఉన్నా మినహాయింపు లేదు. నెలల ముందే పెట్టుకోండి. మెక్‌లియోడ్‌గంజ్‌కు ఆ గొడవ లేదు, మనలాంటి భారత పౌరులకు ఎక్కడా లేదు. కాగితంపడవ గారూ, ఇది మీకు పెద్ద వెసులుబాటు. పైగా మన దేశంలో పుట్టిన టిబెటన్లలో చాలామందికి హిందీ వచ్చు, దక్షిణాది సెటిల్‌మెంట్ల వాళ్లు కన్నడం కూడా దంచేస్తారు.

టెక్కలి_మాస్టారు
15 జనవరి 2025, మధ్యాహ్నం 2:10

అందరూ హిమాచల్ అంటున్నారు, మా పక్కనే ఉన్న టిబెటన్లు ఎవరికీ గుర్తు రాలేదు. మా టెక్కలి నుంచి పర్లాకిమిడి మీదుగా కొండలెక్కితే ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి వస్తుంది. 1963 నుంచి అక్కడ టిబెటన్ క్యాంపులు ఉన్నాయి. వాళ్లు పెట్టుకున్న పేరు ఫుంట్సోక్‌లింగ్. జీరంగ్‌లో కట్టిన పెద్ద మఠాన్ని 2010లో దలైలామా గారే వచ్చి ప్రారంభించారు. శ్రీకాకుళం వాళ్లు కార్తీకమాసం పిక్నిక్‌కు కూడా వెళ్తుంటారు, మఠం ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు.

అక్కడ ప్రధాన పంట మొక్కజొన్న. చలికాలం వచ్చిందంటే క్యాంపులు సగం ఖాళీ. లూధియానాలో స్వెట్టర్లు అప్పుకు తెచ్చుకుని ఊరూరా అమ్ముకోవడానికి పోతారు. దేశమంతా ఉన్న సెటిల్‌మెంట్ల వాళ్లలో చాలామందిది ఇదే బతుకుతెరువు. మన పట్నాల్లో పేవ్‌మెంట్ మీద వరసగా కనిపించే ఆ స్వెట్టర్ల దుకాణాలు వీళ్లవే. మనం 'నేపాలీ స్వెట్టర్లు' అని బేరమాడతాం.

ఇక రాతపని. ఒక పెద్దాయనతో పరిచయమై ఆరేళ్లుగా నేను అక్కడికి పోయి వస్తున్నాను. నేను రాసిందల్లా దరఖాస్తులు. మన చిన్నప్పుడు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని కార్డులు రాసిపెట్టేవాడు ఒకడుండేవాడు, అచ్చం అలాగే. భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. కాబట్టి కాగితాల్లో వీళ్లు విదేశీయులు. చేతిలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, ఆర్‌సీ అంటారు. దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. విదేశం పోవాలంటే పాస్‌పోర్టు బదులు పసుపు అట్ట పుస్తకం ఉంటుంది. పేరు దగ్గర పెద్ద తలనొప్పి. చాలామందికి ఇంటిపేరు ఉండదు, ఫారంలోనేమో ఇంటిపేరు గడి ఉంటుంది. పైగా వీధికి పది మంది తెన్‌జిన్‌లు. దలైలామా గారి పేరు తెన్‌జిన్ గ్యాట్సో కదా, ఆయన దగ్గర పేరు పెట్టించుకున్న పిల్లలందరికీ ముందు అదే వస్తుంది. ఒక అక్షరం తేడా వస్తే బ్యాంకువాడు వెనక్కి పంపుతాడు. ఒకావిడ పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే, ఆ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ రాయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

ఇది రచన కిందకు వస్తుందో రాదో మీరే చెప్పండి.

మిర్చిబజ్జీ
15 జనవరి 2025, సాయంత్రం 6:40

మాస్టారూ, మీ దగ్గర నోరెత్తను. నా గొడవ మీలాంటివాళ్లతో కాదు. కానీ ఒకటి చెప్పండి ఎవరైనా. ఈ వాలంటీర్లు పోయి రాసే 'పేద పిల్లవాడి గాథలు' ఎవరికోసం? డాలర్ల కోసమే కదా?

కొండదారి
15 జనవరి 2025, రాత్రి 10:15

అంత తేలిగ్గా కొట్టిపారేయలేను గానీ, నాకు తగిలింది చెప్తాను. ఒక సంస్థలో (పేరు వద్దు) పిల్లల చదువుకు దాతలను వెతకడానికి ఒక్కో పిల్లవాడి గురించి అరపేజీ రాయమన్నారు. ఒక కుర్రాడు మహా చలాకీ, ఫుట్‌బాల్ పిచ్చి, గోల్‌కీపర్. అదే రాశాను. 'ఇందులో కష్టం ఏది?' అని వెనక్కి పంపారు. తండ్రి లేడన్న వాక్యాన్ని మొదటికి తెచ్చి ఫుట్‌బాల్ తీసేశారు. ఆ కుర్రాడు మా ఇంగ్లిష్ తరగతికే వచ్చేవాడు. ఒకరోజు ఆ కాగితం వాడి కంటబడింది. 'గెన్-లా, నేను ఇలా ఏడుస్తూ ఉంటానా?' అని అడిగాడు.

ఆ సంస్థవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏడుపు లేకపోతే చెక్కు రాదని వాళ్లకు అనుభవం మీద తెలుసు. నేను మాత్రం ఆ పని వదిలేశాను. నా బదులు ఇంకో వాలంటీర్ వచ్చి రాసింది, ఏం తేడా పడింది? ఇప్పుడైతే వదలకుండా అక్కడే కూర్చుని, ఫుట్‌బాల్ కోసం పోట్లాడేవాణ్ణి.

కాగితంపడవ
19 జనవరి 2025, రాత్రి 9:00

మాస్టారు చెప్పాక నిన్న విజయవాడ వెళ్లినప్పుడు స్వెట్టర్ల వరస దగ్గర ఆగాను. సీజన్ అయిపోవస్తోంది, సామాను కడుతున్నారు. ఒకావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, ముండగోడ్ నుంచి వచ్చిందట. 22 ఏళ్లుగా చలికాలం మూడు నెలలూ విజయవాడే. 'ఫిక్స్‌డ్ రేటమ్మా' అని తెలుగులో అన్నది. అమరావతి తెలుసా అని అడిగితే చేతులు జోడించింది. వాళ్ల ఊళ్లో పెద్ద మఠం డ్రెపుంగ్. లాసా దగ్గర 1416లో పెట్టినదాన్ని ఇక్కడికి వచ్చాక ముండగోడ్‌లో మళ్లీ కట్టుకున్నారు. డ్రెపుంగ్ అంటే 'బియ్యపు రాశి' అట. మన అమరావతి పాతపేరు ధాన్యకటకాన్నే వాళ్ల భాషలోకి మార్చి పెట్టుకున్నారు. బుద్ధుడు కాలచక్ర మొదట చెప్పింది ధాన్యకటకంలోనే అని వాళ్ల నమ్మకం. అమరావతి పక్కన పెరిగి ఈ ముక్క నేను స్వెట్టర్ల దుకాణంలో వినాల్సివచ్చింది.

మూడు నెలలు ఇక్కడే ఉంటున్న ఆవిణ్ణి మా పేపరు ఎప్పుడూ పలకరించలేదు. ఫొటో మాత్రం ఏటా వేస్తుంది, 'చలి పులి వచ్చేసింది' అన్న క్యాప్షన్‌తో. ఆ క్యాప్షన్ నేనే రెండుసార్లు రాశాను.

మార్చి చివర్లో టికెట్ తీసుకున్నాను. ఢిల్లీ దాకా రైలు, అక్కడి టిబెటన్ల కాలనీ మజ్నూ కా టీలా నుంచి రాత్రి బస్సు.

కొండదారి
19 జనవరి 2025, రాత్రి 9:45

మంచి పని. ముందు సీటు తీసుకోండి, వెనకయితే కాంగ్రా ఘాట్‌లో కడుపులో పేగులు బయటికి వస్తాయి. జులై దాకా మాత్రం సాగదీయకండి. 6వ తేదీన దలైలామా గారి 90వ పుట్టినరోజు, గది దొరకదు. పైగా ఆ వానలకు బట్టలు వారమైనా ఆరవు.

కాగితంపడవ
27 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 1:30

వచ్చి నెల దాటింది, మీ అందరికీ కబురు చెప్పకపోతే బాగోదు.

జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసిన దెబ్బ ఇక్కడ గట్టిగా తగిలింది. అందుకని నాకు అప్పగించిన పని ఒక్కటే, వేరే దాతలకు దరఖాస్తులు. రోజుకు ఆరు గంటలు అదే. కొండదారి గారూ, మీ ఫుట్‌బాల్ గుర్తుపెట్టుకుని ఒకచోట పోట్లాడాను. ఒక వాక్యం నిలబడింది, ఇంకోటి పోయింది.

సాయంత్రం తరగతిలో నాకు ఇద్దరు. ఒకరు సన్యాసిని, ఇంకొకరు 50 దాటిన వంటాయన. ఆయన వాళ్లమ్మతో మాట్లాడి ఐదేళ్లు కావస్తోంది. 2020లో మన దేశంలో చైనా యాప్ వీచాట్‌ను నిషేధించాక టిబెట్‌తో మాట్లాడే ఆ దారి మూసుకుపోయిందట. నేను ఆ రోజు వార్తకు '59 చైనా యాప్‌లకు చెక్' అని హెడ్డింగ్ పెట్టి, డెస్కులో అందరం బాగుందనుకున్నాం. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. ఆయన గురించి ఇంతకుమించి ఇక్కడ రాయను, పాతసంచి అమ్మ ఒప్పుకోరు.

ఆయనే నాకు టిబెటన్ అక్షరాలు నేర్పుతున్నాడు. మొదటి వరుస విని నవ్వొచ్చింది: క, ఖ, గ, ఙ. మన వరుసే, ఘ ఒక్కటీ లేదు. రెండోది చ, ఛ, జ, ఞ. ఒకటో తరగతిలో పలక మీద దిద్ది, ఆ తర్వాత జన్మలో వాడని ఙ గుర్తుందా? వాళ్లకు అది లేనిదే పూట గడవదు. 'ఙ' అంటే 'నేను'. ఇంగ్లిష్‌లో చెప్పబోయి తడబడినప్పుడల్లా ఆయన ముందు ఆ ఒక్క మాట అని ఆగిపోతాడు. నోట్‌బుక్‌లో ఆయన చెప్పేది తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాను. ఇంగ్లిష్ కంటే బాగా అతుకుతోంది.

ఒక సాయం కావాలి. నా ఫోన్ కీబోర్డులో ఙ ఎక్కడుందో చెప్పండి. ఇందాకటినుంచి వేరేచోట నుంచి కాపీ చేసి అతికిస్తున్నాను.

టెక్కలి_మాస్టారు
27 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:05

నా ఫోన్‌లో గ మీద గట్టిగా నొక్కిపడితే వచ్చిందమ్మా. మీది ఏ కీబోర్డు?

మిర్చిబజ్జీ
27 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:20

నాకు రాలేదు మాస్టారూ, ఘ వస్తోంది.